పిండి నిలబడిన ఎత్తు

"కింద ఊళ్ళో అయితే స్థలం ఎన్ని గజాలని అడుగుతారు మేడం. ఇక్కడ ముందు ఎంత ఎత్తులో ఉందని అడగాలి. ఎంత పైకెక్కితే అంత చవక," అన్నాడు బ్రోకరు, జీపు నడుపుతూనే వెనక్కి తిరిగి.

మలుపు మలుపుకీ వెనక్కి తిరిగి మాట్లాడే మనిషి చేతిలో స్టీరింగు ఉండటం ఆమెకు నచ్చలేదు. "రోడ్డు చూడండి బాబూ," అని ఒళ్ళోని బిస్కెట్ల డబ్బాను రెండు చేతులా పట్టుకుంది. అది మూతకు నీలం రంగు, రంగంతా పెచ్చులు లేచిపోయిన పాత రేకు డబ్బా. చుట్టూ ఉన్ని శాలువా, శాలువా మడతలో వేడినీళ్ళ సంచి. అందులో ఏముందని అతను బయల్దేరేటప్పుడు ఒకసారి, దారిలో ఒకసారి అడిగాడు. పిండి అంటే నవ్వుతాడని ఆమె మాట దాటేసింది.

పొలం కొనేవాడు మట్టిని నలిపి చూస్తాడు. ఇల్లు కట్టేవాడు నీళ్ళు పుక్కిలించి చూస్తాడు. రొట్టెలు కాల్చి బతికినవాళ్ళు మరి పిండి కాక ఇంకేం పట్టుకెళ్తారు? గాలి పలచబడితే మనిషికి తెలిసేలోపే పిండికి తెలుస్తుంది. ఆమె భర్త కూడా ఇదే డబ్బాలో, ఇలాగే పిండి ముద్ద పెట్టుకుని వచ్చాడు. అప్పుడు తనొక్కడే బస్సెక్కి వెళ్ళాడు. రొట్టెల కొట్టు ఎవరో ఒకరు చూసుకోవాలి కాబట్టి ఆమె రాలేదు.

చీకటి పడ్డాక తిరిగొచ్చి, కొట్టు గుమ్మంలో నిలబడి చెప్పాడు. "పైమిట్ట చూశానే. కొంటే అదే కొనాలి. కాళ్ళ కింద నీళ్ళు పారే చప్పుడు. రాళ్ళ అడుగున ఎక్కడో పోతుంటాయి, కనబడవు, వినబడతాయి. మబ్బు వచ్చి పిలవకుండానే లోపలికి వచ్చి కూర్చుంటుంది. మన పిండి బల్లంత రాయి ఒకటి ఉంది, నున్నగా. పిండి మన కొట్టులో కంటే కాస్త తొందరగానే పొంగింది, కానీ కూలబడలేదు. నిలబడింది." ఆ తర్వాత రెండేళ్ళూ అదే కథ. రొట్టెలు బట్టీలో పెట్టి తలుపు వేశాక, అవి కాలేదాకా చేతులకు పని ఉండదు కదా, ఆ కాస్సేపూ ఇద్దరూ కలిసి పైమిట్ట మీద ఇల్లు కట్టేవాళ్ళు. ఆమె కిటికీ తూర్పుకు పెట్టమంటే ఆయన లోయ వైపు పెట్టేవాడు.

ఆ బట్టీ ముందే ఆయన ఒక తెల్లవారుజామున పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. గుండె చాలాకాలంగా బాగా లేదనీ, ఆయనకు తెలియకుండా ఉండదనీ డాక్టరు అన్నాడు. తెలుసా, తెలియదా అని ఆమె ఇప్పటికీ తనను తాను అడుగుతూనే ఉంది. ఇప్పుడు కొట్టు ఖాళీ చేయమన్నారు. బట్టీ ఇటుకలు విప్పేశారు. నెల తిరిగేసరికి ఎక్కడో ఒకచోట ఉండాలి. కింద బస్టాండు పక్కన చిన్న ముక్క తీసుకో అక్కా అని తమ్ముడు పోరు పెట్టాడు. ఆయన ఎంచిన చోటు ఒకటుండగా ఇంకోటి చూడటం ఆమెకు మనసొప్పలేదు.

సగం దారిలో ఒక టీ కొట్టు దగ్గర జీపు ఆగింది. అప్పటికే ఆమె చెవులు దిబ్బళ్ళు పడిపోయాయి. బ్రోకరు దిగి, ఆమె వైపు తలుపు తీసి, చేయి చాచి ఏదో చూపించాడు. నోటి కదలికను బట్టి, దృశ్యం చూడమంటున్నాడు. దృశ్యమంతా తెల్లగా ఉంది. జీపు ముందు చక్రాలు కూడా కనబడటం లేదు. మబ్బులో నుంచి ముందు ఒక టీ గ్లాసు, దాని వెనక ఒక చేయి, ఆ వెనక ముక్కు దాకా మఫ్లరు కట్టుకున్న ఒక ఆడమనిషి వచ్చారు. ఆవిడ గ్లాసు అందించి, ఒళ్ళోని డబ్బా వైపే చూస్తూ ఏదో అడిగింది. ఆమెకు వినబడలేదు. చలికి దిగబుద్ధి కాక తల మాత్రం ఊపింది. ఎందుకు ఊపిందో తనకే తెలియదు.

బ్రోకరు అక్కడ తీరుబడిగా రెండు టీలు తాగాడు. కొనడానికి వచ్చినవాళ్ళను అక్కడ కాసేపు కూర్చోబెడితే పైన తల తిరగదట. తల తిరిగినవాడు కొనడు కదా.

*

పైకి చేరేసరికి ఆకాశం గీసి కడిగినట్టుంది. మబ్బులన్నీ కింద పరుచుకుని ఉన్నాయి. ఒక ఆవులింత రాగానే ఆమె చెవులు టక్కున తెరుచుకున్నాయి.

ఏమీ వినబడలేదు.

చెవులు ఇంకా పట్టే ఉన్నాయేమోనని వేళ్ళతో చిటిక వేసి చూసుకుంది. చిటిక స్పష్టంగా వినబడింది. గాలి కూడా లేదు. జీపు ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది, అంతే.

"ఇదిగో మేడం పైమిట్ట. ఈ రాతి కట్ట నుంచి ఆ ఇనుప గేటు దాకా. ఇంత చదును నేల కొండ మీద దొరకదు. ముప్పై ఏళ్ళుగా నేను చూస్తున్నాను కదా."

"నీళ్ళేవి?"

"ట్యాంకరు వస్తుంది మేడం. ఫోను చేస్తే చాలు."

"ఊట ఉండాలి. రాళ్ళ కింద."

"ఊట కిందుంటుంది మేడం. ఇది దానికి ఎగువ. ఊటకు ఎగువన నీళ్ళెలా వస్తాయి?" ఆ మాట అనేశాక తన బేరాన్ని తనే చెడగొట్టుకున్నానని తెలిసి, "కానీ గాలి చూడండి, ఎంత స్వచ్ఛంగా ఉందో," అని సర్దుకున్నాడు.

స్వచ్ఛంగానే ఉంది, కానీ సరిపడా లేదు. గేటు దాకా నడుద్దామని బయల్దేరిన ఆమె సగంలోనే ఆగి, ఏదో చూస్తున్నట్టు నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది. మూడేసి బస్తాల మైదా దించుకునే మనిషి, ఉత్త చేతులతో ఆయాసపడటం సిగ్గనిపించింది. రాళ్ళన్నీ పగిలి కోసుగా ఉన్నాయి. నున్నటి రాయి ఒక్కటీ లేదు. మూలన ఒక రేకుల షెడ్డు. దాని నీడలో, ఇంత పొద్దెక్కినా కరగని మంచు పొర.

ఆమె జీపు దగ్గరకు వచ్చి శాలువా విప్పింది. మూత లేచి పక్కకు ఒరిగి ఉంది. పిండి అంచు దాటి, గుడ్డను నెట్టుకుని, శాలువా లోపలి మడతలకు అంటుకుంది. పొద్దున లాడ్జిలో పెట్టినప్పుడు డబ్బాలో సగానికి కూడా లేదు. వేలితో తాకింది. తాకీ తాకగానే నిట్టూర్చినట్టు చప్పుడు చేసి నడిమికి కూలబడిపోయింది. పుల్లటి వాసన కొట్టింది.

"ఇది కాదు," అందామె.

"ఏది మేడం?"

"ఈ చోటు కాదు. పైమిట్ట వేరే ఏదైనా ఉందేమో చూపించండి."

"దీనికి పైన ఆకాశమే మేడం, అది నా చేతిలో లేదు," అని బ్రోకరు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "ఎవరైనా ఏమైనా చెప్పారా మీకు?"

ఆమె మూత నొక్కిపెట్టి జీపెక్కింది. దిగేటప్పుడు చెవులు మళ్ళీ పట్టేశాయి. టీ కొట్టు దగ్గర జీపు ఆగలేదు. దిగేవాళ్ళతో బ్రోకరుకు టీ అవసరం ఏముంటుంది?

*

లాడ్జి గదిలో మంచం, కుర్చీ, చేతులు కడుక్కునే తొట్టి ఉన్నాయి. సాయంత్రమంతా ఆమె తొట్టి దగ్గరే నిలబడి శాలువాకు అంటుకున్న పిండిని గోళ్ళతో గీకింది. పక్క గదిలో ఎవరో కుటుంబం. పిల్లలు మంచం మీద గెంతుతున్నారు. వాళ్ళమ్మ అరుస్తోంది, మళ్ళీ నవ్వుతోంది. ఈ గదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఈస్టు అంతే వేసింది. పిండి అదే. డబ్బా అదే. ఆయన వచ్చింది కూడా ఇదే కాలంలో. పైమిట్ట మీద పిండి నిలబడిందని ఆయన అన్నాడు. పైమిట్ట మీద పిండి నిలబడదు. తన కళ్ళతో చూసింది. చేత్తో తాకింది. ఆయన కోతలరాయుడే, కాదనడానికి లేదు. బన్నులో ఎండుద్రాక్ష రెండేసి, గుప్పెడు వేశానని చెప్పే రకం. కానీ పిండి విషయంలో అబద్ధమాడే మనిషి కాదు. నిలబడిందంటే ఎక్కడో నిలబడే ఉంటుంది.

అప్పుడు ఆమెకు బస్సు గుర్తొచ్చింది. ఆయన బ్రోకరుతో రాలేదు, జీపులో రాలేదు. బస్సులో వచ్చాడు. పొద్దున కింద లాడ్జి గుమాస్తాను అడిగితే, కొండ మీదికి బస్సు ఎక్కడిదాకా పోతుందో చెప్పాడు. టీ కొట్టు దాకానే. ఆ పైన నడక.

తొట్టిలో నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆమె కుళాయి కట్టేసి మంచం మీద కూర్చుంది. ఆ గుండెతో ఆయన ఎక్కలేదు. ఎక్కకుండానే ఎక్కానన్నాడు. రెండేళ్ళ పాటు, బట్టీ తలుపు వేసిన ప్రతిసారీ, చూడని నేల మీద తనతో ఇల్లు కట్టించాడు. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నిలదీద్దామంటే ఎదురుగా మనిషి లేడు, ఉత్త కుర్చీ ఉంది.

తెల్లవారాక సంచిలో మిగిలిన మైదా తీసి, కుర్చీ మీద స్టీలు పళ్ళెం పెట్టి మళ్ళీ పిండి కలిపింది. కుర్చీ కాళ్ళు ఎగుడుదిగుడు. పిసుకుతున్నంతసేపూ టకటకమని కొట్టుకుంది.

*

బస్సు ఆమెనొక్కదాన్నే టీ కొట్టు దగ్గర దించి, వెనక్కి తిరిగి, కింది మబ్బులో కలిసిపోయింది. చెవులు మూసుకుపోయే ఉన్నాయి. మఫ్లరు ఆవిడ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, బల్ల మీది తడి కొంగుతో తుడిచి కూర్చోమని చూపించింది. వేడి టీ రెండు గుక్కలు మింగాక ముందు ఎడమ చెవి తెరుచుకుంది.

"నిన్న జీపులో వచ్చారు కదమ్మా," అంటోంది ఆవిడ. "నేనేదో అడిగితే పలకలేదు."

"చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. ఏం అడిగారు?"

"ఆ డబ్బా మీకెక్కడిదని." ఆవిడ డబ్బా మీది పెచ్చులు వేలితో తడిమింది. "ఇలాంటిదే పట్టుకుని ఒకాయన వచ్చాడు. పొద్దుట్నుంచి సాయంత్రం బస్సు దాకా ఇక్కడే కూర్చున్నాడు. డబ్బా పొయ్యి పక్కన పెట్టమంటాడు, కాసేపాగి మూత తీసి చూస్తాడు, మళ్ళీ పెట్టమంటాడు. కోడి గుడ్లు పొదిగిస్తున్నావా అన్నయ్యా అన్నాను."

"ఆయన పైకి వెళ్ళారా?"

"ఎక్కడ వెళ్ళాడు. అదిగో, ఆ మలుపు దాకా వెళ్ళాడు. చాలాసేపు అయినా కాళ్ళ చప్పుడు వినబడక, వెళ్ళి చూస్తే గోడ పట్టుకుని నిలబడ్డాడు. పెదాలు నల్లబడ్డాయి. రెక్క పట్టుకుని తీసుకొచ్చి ఈ బల్ల మీదే పడుకోబెట్టాను. ఇది మొదటిసారి కాదులే చెల్లెమ్మా, కంగారు పడకు అని నాకే ధైర్యం చెప్పాడు."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. అడుగుతూ వచ్చిన ప్రశ్నకు జవాబు దొరికింది. తెలుసన్నమాట.

"మీ ఆవిడకి చెప్పన్నయ్యా అన్నాను. చెప్తే కొట్టు మూసేస్తుంది, నన్ను మంచం మీద కూర్చోబెట్టి మందులు మింగిస్తుంది అన్నాడు."

"అవును. కూర్చోబెట్టేదాన్నే," అందామె. "కూర్చోబెట్టి మింగించేదాన్నే."

ఆవిడ పొయ్యి ఊదబోతున్నదల్లా ఆగి, మఫ్లరు కిందికి లాగి, ఆమె మొహంలోకి చూసింది. తర్వాత డబ్బా వైపు చూసింది. "ఎలా ఉన్నాడు?" అని మెల్లగా అడిగింది.

"లేరు."

ఆమె మిగిలిన టీ ఒక్క గుక్కలో మింగింది. అప్పుడు ఆమె రెండో చెవి తెరుచుకుంది. బల్ల కింద, నేల కింద, రాళ్ళ అడుగున ఎక్కడో నీళ్ళు పోతున్నాయి. కనబడటం లేదు. ఆగకుండా వినబడుతున్నాయి. తలుపు లేని గుమ్మంలో నుంచి మబ్బు లోపలికి వచ్చి, పొయ్యి దాకా వచ్చి, అక్కడే ఉండిపోయింది. కొట్టు వెనక గ్లాసులు కడిగే చోట, పిండి బల్లంత రాయి తడిసి మెరుస్తోంది.

ఆమె లేచి రాయి దగ్గరకు వెళ్ళి, అరచేయి ఆనించింది. చల్లగా, నున్నగా ఉంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొట్టు ఆవిడ ఊరుకోమనలేదు. ఇంకో గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, "కూర్చో వదినా," అంది.

*

మధ్యాహ్నం జీపు వచ్చింది. బస్సెక్కిందని లాడ్జిలో తెలుసుకుని బ్రోకరు వెతుక్కుంటూ వచ్చాడు. "మీరు ఫోను చేస్తే నేనే తీసుకొచ్చేవాణ్ణి కదా మేడం. పైమిట్టకి ఇంకో పార్టీ అడుగుతోంది. రేపటిలోగా మాట చెప్తే..."

"పైమిట్ట వద్దు బాబూ. ఈ కొట్టు వెనక నేల ఎవరిది?"

"ఇదా?" అతను మబ్బులోకి చూశాడు. చూడటానికి ఏమీ లేదు. "ఇది ఎవరూ కొనరు మేడం. కింద ఎండ ఉంటుంది, పైన వెలుతురు ఉంటుంది, మధ్యలో ఈ మబ్బు. ఏడాదిలో సగం రోజులు మీ చేయి మీకు కనబడదు. బట్టలారవు. గోడలు పాచి పడతాయి. అమ్ముదామని నేనెప్పుడూ అనుకోలేదు కూడా."

"నీళ్ళున్నాయి కదా."

"నీళ్ళున్నాయి. నీళ్ళకేం."

"మా మరిదిది," అంది కొట్టు ఆవిడ పొయ్యి దగ్గర నుంచి. "అడిగేవాళ్ళు లేక అలా పడుంది. అడిగితే ఎగిరి గంతేస్తాడు."

బ్రోకరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముప్పై ఏళ్ళుగా జనాన్ని ఆపి టీ తాగించిన చోటును ఒకళ్ళు అడగటం అతనికి ఎక్కడో తన తప్పులాగే అనిపించినట్టుంది. "ఇక్కడ మీరొక్కరూ ఉండలేరు మేడం," అన్నాడు, ఈసారి అమ్మేవాడి గొంతుతో కాదు. "బస్సు వెళ్ళిపోయాక మనిషి అలికిడి ఉండదు."

"తెలుసు," అందామె. ఒక్కదాన్నే ఉండటానికి ఆమెకు కొండ కొత్తగా నేర్పేదేమీ లేదు. "ఆయన ఎంచిన నేల ఇదే. పేరే తప్పు చెప్పారు."

బ్రోకరు ఆ మాట అర్థం కాక, అర్థం చేసుకునే ఓపిక కూడా లేక, టీ తాగి మరిది ఫోను నంబరు అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు. జీపు చప్పుడు తగ్గి తగ్గి నీళ్ళ చప్పుడు మిగిలింది.

ఆమె కోపం పోలేదు. చెప్పి ఉంటే మందులు మింగించేది, తిట్టేది, మంచం కాలికి కట్టేసైనా కూర్చోబెట్టేది. ఈపాటికి ఈ బల్ల మీద పక్కన ఉండేవాడేమో. ఆ 'ఏమో' ఆయన పెట్టిపోయిందే. దాన్ని మోస్తూ ఇక్కడ బతకాలి. బతుకుతుంది, కానీ క్షమించానని మాత్రం ఇప్పుడప్పుడే అనదు.

"వదినా, ఒకటి అడగనా?" కొట్టు ఆవిడ గ్లాసులు బోర్లిస్తూ అంది. "అన్నయ్య ఆ రోజు పైన ఎలా ఉంటుందో చెప్పమ్మా అని ఒకటే అడిగాడు. చెప్పాను. ఆకాశం చేతికి అందుతుందనీ, మబ్బులు కాళ్ళ కింద దూదిలా పరుచుకుంటాయనీ, అక్కడికెళ్ళినవాళ్ళకి దిగబుద్ధి కాదనీ. జీపుల్లో దిగేవాళ్ళని అప్పుడప్పుడూ అడిగి తెలుసుకున్నవే. నా మోకాళ్ళతో నేనెప్పుడు ఎక్కాను? పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఇక్కడే. వచ్చినవాళ్ళందరికీ చూసినట్టే చెప్తుంటాను." ఆవిడ చేతిలోని గ్లాసును తుడిచిందే తుడుస్తోంది. "నువ్వు నిన్న చూసొచ్చావు కదా. నేను చెప్పేది నిజమేనా?"

ఆమెకు పగిలిన రాళ్ళు గుర్తొచ్చాయి. షెడ్డు నీడలో మంచు, నడుం మీద చేయి పెట్టుకుని ఊపిరి కోసం నిలబడటం, ఆ నిశ్శబ్దం గుర్తొచ్చాయి. కొట్టు ఆవిడ మఫ్లరు తీసేసిన మొహంతో, తుడిచిన గ్లాసు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"నువ్వు చెప్పినట్టే ఉంది," అందామె.

"నేననుకున్నాను," అని ఆవిడ మొహమంతా నవ్వింది.

ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట. నాలుక తడబడలేదు. ఆ రాత్రి ఆయన కొట్టు గుమ్మంలో నిలబడినప్పుడు, పిండి చేతులతో తనూ ఆయన మొహంలోకి ఇలాగే చూసి ఉంటుంది. ఏం చెప్తాడా అని ఎదురుచూసి ఉంటుంది.

ఆమె శాలువా విప్పి మూత తీసింది. పిండి అంచు దాకా వచ్చి ఆగింది. వేలితో నొక్కింది. సొట్ట పడి, తీరిగ్గా మళ్ళీ పైకి వచ్చింది. కాస్త తొందరగానే పొంగింది, కానీ కూలబడలేదు.

"పెద్ద మూకుడు ఉందా నీ దగ్గర?" అని అడిగింది. "దానికి సరిపోయే మూత కూడా కావాలి, రొట్టె కాలాలి కదా."